స్పీకర్ గారి పటం

ఇన్నేళ్లూ మా ఇల్లు గడిచింది చచ్చిపోయినవాళ్ల బొమ్మల మీదే. జువ్వలదిన్నెలో సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాని మనిషికి ఫోటో అంటూ ఉంటే, ఆధార్ కార్డులోదో, ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో నిలబడినదో ఉండేది. అది తెచ్చి మా ఆయన చేతిలో పెట్టేవాళ్లు. ఆయన దాన్ని చూసి బొమ్మ వేసేటప్పుడు ముఖంలో ముడతలు తీసేసి, తెరిచిన నోరు మూసి, నలిగిన చొక్కా సాపు చేసి, చూపు ఎవరి మీదా ఆనకుండా పటం కట్టించి ఇచ్చేవాడు. ఇంటివాళ్లు ఏడ్చి, దండ వేసుకునేవాళ్లు.

అలాంటి పటమొకటి చావింట్లో చూసి, శాసనసభ స్పీకరుగా చేసి దిగిపోయిన ఒక పెద్దాయన కబురు పెట్టారు. సభ హాల్లో పెట్టే తన చిత్రం ఈయనే వెయ్యాలట. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వెయ్యడం ఈయనకు అదే మొదలు. జుట్టు నెరిసిన మనిషి, పెళ్లికొడుకులా గడ్డం గీసుకుని బస్సెక్కేవాడు.

"ఇది హాల్లో ఎక్కితే చాలు, ఇంక దండలేసే పటాలు ముట్టుకోను. నేనూ ఆర్టిస్టునే అంటారు" అన్నాడు నాతో.

పూర్తయిన రోజు నన్నూ తీసుకెళ్లాడు. పటం మీద గుడ్డ తీశారు. పోలిక వెంట్రుకవాసి కూడా తప్పలేదు. స్పీకర్ గారి భార్య కాసేపు చూసి, మెడలో తాళి గట్టిగా పట్టుకుంది.

"ఏందయ్యా ఇది, ఆయన్ని పోయినోళ్ల మాదిరి ఏసినావే. దండ ఒక్కటే తక్కువ" అంది.

స్పీకర్ గారు నవ్వి సర్దబోయారు గానీ, ఆయన కూడా పటం వంక రెండోసారి చూడలేదు. ఆవిడ నోరు పడిపోను అని లోలోపల తిట్టుకున్నాను. మళ్లీ చూస్తే నాకూ అలాగే అనిపించింది. ఆ పటాన్ని దుప్పట్లో చుట్టి మాతోనే పంపేశారు. హాల్లోకి ఇంకెవరో వేసింది ఎక్కింది.

ఆ తర్వాత ఈయన కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. ఒక మధ్యాహ్నం బ్రష్షులు కడిగి తెచ్చాడు.

"ఏమ్మే, నువ్వు కూర్చో. నవ్వతా మాట్లాడతా ఉండు. నోరు మూయబాక."

పులుసు పొయ్యి మీద వదిలేసి కూర్చున్నాను. పక్కింటావిడ సంగతులు చెప్పాను, ఈయన బట్టతలను ఎగతాళి చేశాను, వచ్చినా రాకపోయినా నవ్వాను. దేవుడా, ఈ ఒక్కటి కుదరనీ అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా ఆయన చెయ్యి ఆగింది. బొమ్మ వంక చూసి, నా వంక చూసి, బొమ్మను గోడవైపు తిప్పేశాడు.

"చూపియ్యయ్యా" అన్నాను.

"వద్దులే. నువ్వు చూడబాక."

నా రెండు చేతులూ పట్టుకుని, నేను ఎదురుగా బతికి ఉండగానే, నన్ను పోగొట్టుకున్నట్టు ఏడ్చాడు.