నల్లా దగ్గర ఎవరూ లేరు

నా చిన్నప్పుడు ఫలక్‌నుమాలో మా గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. బిందె పట్టుకొని నిలబడలేక, బడికి ఆలస్యమై దెబ్బలు తినలేక ఏడ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఇంట్లోకే పైపు వచ్చింది. అయినా నీళ్లు నిల్వ చేసుకునే సంపు లేని ఇళ్లవాళ్లు ఇంకా ఆ నల్లా దగ్గరికే వస్తారు. ఆరో తరగతి చదివే మా అమ్మాయికి గడప మీద కూర్చొని వాళ్ల మాటలు వినడం సరదా.

ఆమె కంప్యూటర్లో ఒక ఆట ఆడేది. కొందరు చిన్న మనుషులు భూమి లోపల ఊరు కట్టుకొని బతకాలి. వాళ్లకు గాలి, తిండి, నీళ్లు అందేలా మనం చూడాలి. అమ్మాయి వాళ్లకు మా గల్లీవాళ్ల పేర్లే పెట్టింది. గాజుల దుకాణం ఖాలా, పాలన్న, దర్జీ చాచా. నీళ్లు కావాలంటే వాళ్లు చేతిపంపు కొట్టి మోసుకెళ్లాలి. నేను ఆఫీసు నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకొని ఆనాటి వార్తలు చెప్పేది.

"డాడీ, ఇయ్యాల పంపు కాడ దర్జీ చాచా మధ్యల దూరిండు. ఖాలాతోని మస్తు లొల్లి అయింది."

"ఆటల లొల్లి ఎట్లయితది?"

"నీకు కనవడదు. నాకు కనవడ్తది."

నేను నవ్వేవాణ్ణి. నాకు కనిపించింది మాత్రం నీళ్ల కోసం వృథా అవుతున్న వాళ్ల సమయమే.

ఒక ఆదివారం ఆమె తల్లితో కలిసి పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. నేను ఆట తెరిచాను. ఆ ఊరి అడుగున గ్యాస్ ఎగజిమ్మే చోటొకటి ఉంది. దాని మీద ఆ గ్యాస్‌తో నడిచే ఇంజన్ పెట్టాను. ఇంజన్ నడుస్తూ మురికినీళ్లు వదులుతుంది. అది ఇచ్చే కరెంటుతోనే వడపోత యంత్రం ఆ నీళ్లను శుభ్రం చేస్తుంది. పైపులు వేసి గదిగదికీ నీళ్లు పంపాను. చేతిపంపు పీకేశాను. పాత ఊరి మీదే కొత్తది సేవ్ చేశాను. నిజంగా గల్లీకి నీళ్లు తెప్పించినంత గర్వపడ్డాను.

సాయంత్రం అమ్మాయిని పిలిచి చూపించాను. "ఇగ నీళ్ల ఫికరే లేదు. దానంతట అదే నడుస్తది."

తెరంతా వెతికింది. "పంపేది?"

"తీసేసిన. ఇగ దాంతోని ఏం పని?"

"మరి ఖాలా, చాచా ఏడ కలుస్తరు?"

ఖాలా ఒక మూల తవ్వుతోంది. చాచా ఇంకో మూల నిద్రపోతున్నాడు. అమ్మాయి కాసేపు చూసి, "మంచిగ చేసినవ్ డాడీ" అంది, ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు.

వంటింట్లోంచి మా ఆవిడ అంది: "ఇంజనీర్ సాబ్, పిల్ల ఆట గూడ నువ్వే ఆడినవా?"

హాస్యానికి అన్నదనుకున్నాను. కానీ ఆ తర్వాత అమ్మాయి ఆ ఊరిని తెరవలేదు. నేను బూట్లు విప్పుతూ వార్తల కోసం ఎదురుచూసేవాణ్ణి. చివరికి పంపు మళ్లీ పెట్టి, పైపులు కోసేసి, అందరూ అక్కడికి చేరాక ఆమెను పిలిచాను.

"నువ్వు తెచ్చినవ్ గద వాళ్లను. వాళ్లంతల వాళ్లు రాలే" అంది.

క్షమించమన్నాను. "ఏం కాదులే" అంది. ఆమె ఇంట్లో లేని రోజునే ఆ పని ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. అడిగితే వద్దంటుందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఈమధ్య ఇంకో ఊరు మొదలుపెట్టింది. నిన్న నేను వచ్చేసరికి తెర ముందు కూర్చొని ఎవరినో మందలిస్తోంది, ఇంకెవరికో నచ్చజెబుతోంది. తలుపు దగ్గరే ఆగి, "ఈ ఊళ్లె ఎవరెవరున్నరు?" అన్నాను.

"ఉన్నరు" అంది. నేను లోపలికి నడిచాక గొంతు తగ్గించి మళ్లీ వాళ్లతో మాట్లాడింది.