తలపాగా కలపని ఎత్తు

మా బావ అన్న మాటలు నేను మరిచిపోను. అన్నప్పుడు ఆయన నోట్లో ఏముందో కూడా చెప్పగలను. సముద్రం ఒడ్డున క్యాంపుకి పడక ఉన్న వ్యాను అద్దెకు తీసుకుంటున్నానని సెంబవాంగ్‌లో వాళ్లింట్లో చెప్పాను. ఆయన గారె నములుతూ, "ఇల్లంతా నెత్తినెట్టుకుని ఎళ్లేదానికి ఇంట్లోనే పడుకోవచ్చుగా బామ్మర్దీ" అన్నాడు. మా అక్క నవ్వింది. అదీ గుర్తుంది.

వ్యాను నా సరదా కాదు. మా ఆవిడకి నడుముకి ఆపరేషన్ అయింది. నేల మీద పడుకోవడం ఆమె వల్ల కాదు. ఒక్క రాత్రి అలల చప్పుడు వింటూ నిద్రపోవాలని ఆసుపత్రి మంచం మీద అడిగింది. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ కిటికీ తెరిస్తే వినపడేది ఎదురు బ్లాకువాళ్ల వాషింగ్ మెషీన్.

వ్యాను వుడ్‌ల్యాండ్స్‌లో ఒక అంకుల్‌ది. మలేషియాలో పుట్టి పని కోసం ఇటు వచ్చిన తెలుగాయన. లోపల పరుపు, కరెంటు పొయ్యి, ఫ్రిజ్. పైకప్పు మీద ఏసీ. పార్కు గేటు దగ్గర అడ్డకమ్మీ ఉంటుంది, దాని కింద పడుతుందా అని నేను రెండుసార్లు అడిగాను.

"రెండు మీటర్లే తంబీ. బోలే, బోలే."

బోలే అంటే మలయ్‌లో కుదురుతుందని. ఇక్కడ ఏమడిగినా ముందు వచ్చే మాట అదే.

కుదరలేదు. ఏసీ పెట్టె కమ్మీకి తగిలింది. వెనక కార్లు హారన్లు కొడుతుండగా అంకుల్‌కి ఫోన్ చేశాను.

"నేను బండి ఎత్తు చెప్పినాను. నీ ఎత్తు అడిగితే తలపాగా కట్టుకుని కొలుస్తావా?"

కాపలా ఆయన వచ్చి, "కెనాట్ లా. టెంట్ ఓన్లీ" అన్నాడు. లోపల కరెంటు ప్లగ్గులు ఎక్కడుంటాయని అడిగాను. ఆయన ఒక పక్క మాంసం కాల్చుకునే సిమెంటు పొయ్యి, మరొక పక్క బాత్రూములు చూపించాడు. అంతే. ప్రతి బండి పక్కనా ఒక కరెంటు స్తంభం, ఒక కుళాయి ఉంటాయనుకుని చేసిన వ్యాను అది. ఏ ఏసీ మమ్మల్ని గేటు దగ్గర ఆపిందో, లోపలికి వెళ్లినా అది తిరిగేది కాదు.

మాతో క్యాంపుకి వస్తామన్న బావ, అక్క అప్పటికే లోపల టెంటు వేసుకున్నారు. పక్కన గడ్డి మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి మా వ్యానుకి చోటు చోప్ చేశారట. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కుర్చీ ఆపుకున్నట్టు. సంగతి తెలిసి బావ గేటు దాకా వచ్చాడు.

"క్యాంపంటే ఆఫీసు క్యాంపనుకున్నావేంటి? గెస్ట్‌హౌస్‌లో వాచ్‌మన్ మంచం వాల్చి ఫ్యానేస్తాడని!"

మా నాన్న క్యాంపుకెళ్లాడంటే మా ఇంట్లో అర్థం అదే. నేను అలా అనుకోవడంలో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ మెల్లగా దిగింది. "ఇంక ఆపండి ఇద్దరూ. అన్నయ్యగారూ, ఆ పరుపు లాగండి."

పరుపు మూడు పొడుగాటి ముక్కలుగా వచ్చింది. బావ మూడూ ఒకదాని మీద ఒకటి టెంటులో వేశాడు. ఆమె పడుకుని, అటూ ఇటూ కదిలి, "చాలు" అంది.

వ్యానుని రోడ్డు మీద వదిలేయలేం కదా. లారీలు ఆపుకునే చోటికి తీసుకెళ్లి, దోమలకి అద్దాలు మూసుకుని, పరుపు లేని చెక్క మీద నేను పడుకున్నాను.

పొద్దున నడిచి వెళ్లేసరికి ఆమె జుట్టు నిండా ఇసుక. "రాత్రంతా అలలేనండీ. ఒక్కసారి కూడా నడుం పట్టలేదు" అంది.

బావ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, "మరి నీకేం వినపడింది బామ్మర్దీ?" అన్నాడు. నేను గ్లాసు అందుకున్నాను. టీ తాగాను. చక్కెర ఎక్కువైంది.

ఆ మధ్యాహ్నం వ్యాను అప్పగిస్తూ అంకుల్‌తో గట్టిగానే చెప్పాను, ఇకనుంచి ఎవరడిగినా తలపాగాతో కలిపే ఎత్తు చెప్పమని.

"బోలే, బోలే" అన్నాడు.