మఠం గోడ మీద పాదాలు

ఇన్నేళ్లుగా ఈ మాట మోస్తూనే ఉన్నాను. పోయిన ఏడాది మా అక్క కన్నుమూసింది. ఇక కాపాడడానికి నా పరువు తప్ప ఎవరిదీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో కన్యకల మఠం ఒకటి ఉండేది. అది లేకుండా పోవడానికి కారణం నేను.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. ప్రపంచ లడాయి మొదలయ్యాక సిస్టర్లు వెళ్లిపోయారు. ఆయా రాహేలమ్మ ఒక్కతే మిగిలి, రోజూ ఊడ్చి తాళం వేసేది. సిస్టర్లు వదిలిన పుస్తకాలు చదువుకుంటానంటే నాకూ ఒక తాళపుచెవి ఇచ్చింది.

ఆ ఇంట్లో గొప్ప ఏమీ లేదు, సిస్టర్లు కాన్పులు చేసిన గదిలోని ఒక గోడ తప్ప. ఇంటికి వెళ్లేముందు తల్లులు బిడ్డ పాదానికి పసుపు పూసి ఆ గోడకు అద్దేవారు. ఏ కులమైనా, ఏ మతమైనా. సున్నం తగిలి పసుపు ఎర్రబడేది. సాయంత్రపు ఎండలో ఆ పాదాలన్నీ గోడ ఎక్కి ఎటో వెళ్తున్నట్టు ఉండేవి. నిజంగానే వెళ్తున్నాయని నమ్మిన రోజులు కూడా ఉన్నాయి.

కింద, నేలకు దగ్గరగా ఉన్నది రాహేలమ్మ బిడ్డది. ఆ బిడ్డ బతకలేదు. పొద్దున్నే ఆమె మొదట ఆ పాదాన్ని తాకి, తర్వాతే చీపురు పట్టేది.

మూలన ఉన్నది మా అక్క బిడ్డది. అక్క చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. తర్వాత కడుపు వచ్చింది. జబ్బు చేసిందని ఊరికి చెప్పి మఠంలో ఉంచాం. బిడ్డను సిస్టర్లు పట్నంలో ఎవరికో ఇచ్చారు. ఇచ్చేముందు అక్క పాదం అద్దింది. దానికి ఆరు వేళ్లు. మా బాపుకూ ఆరే, నాకూ ఆరే. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి.

తహసిల్దారు కొత్త కచేరీకి రాయి కావాలని మఠాన్ని కూల్చాలనుకున్నారు. రాహేలమ్మ తహసిల్దారు దగ్గరికి వెళ్లి గోడ సంగతి చెప్పింది. ఊరి పిల్లలంతా తన గోడ మీదే ఉన్నారని అన్నదట. ఆయన నవ్వి, పెద్దమనుషులతో వచ్చి చూస్తానన్నాడు. విలువైనదే అయితే దవాఖానగా ఉంచుతానన్నాడు. అప్పటిదాకా ఆ గదిలో మగవాళ్లు అడుగుపెట్టలేదు. ఆ పెద్దమనుషుల్లో నన్ను కోడలిగా చేసుకోబోయే మామ కూడా ఉన్నాడు.

అక్క కోసమే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అక్క నన్ను అడిగిందా? లేదు. అక్క కోసమే అయితే ఆ ఒక్క పాదం చెరిపితే సరిపోయేది. ఒక్కచోట తెల్లగా ఉంటే అనుమానం వస్తుందని గోడంతా సున్నం వేశాను.

తడి తగలగానే పాదాలు మాయం కాలేదు. ఇంకా ఎర్రగా లేచాయి. పాతబడి వెలిసిపోయినవి కూడా. మళ్లీ ఒక పూత వేసి నేల మీద కూర్చున్నాను. సున్నం ఆరుతున్నకొద్దీ ఒక్కొక్కటే తెలుపులోకి వెళ్లిపోయింది.

తహసిల్దారు వచ్చి గోడ చూశాడు. "ఏదమ్మా నీ పిల్లల ఫౌజు? కూచ్ చేసి పోయిన్రా?" అన్నాడు, దండు కదిలి వెళ్లిపోయిందా అన్నట్టు. అందరూ నవ్వారు. నా మామ కూడా. రాహేలమ్మ కింద ఒకచోట చెయ్యి పెట్టి తడుముతూ ఉండిపోయింది.

వాళ్లు వెళ్లాక నన్ను అడిగింది. "తాళం నీ కాడ గూడ ఉండె గద బిడ్డా. సున్నమెవరేసిన్రు?"

"నాకెర్క లేదవ్వా."

నా చేతులు పట్టుకుని చూసింది. వేళ్లు సున్నానికి పగిలి ఉన్నాయి.

"జర నూనె రాసుకో," అన్నది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అది క్షమించడమని అనుకోలేను. మఠం రాళ్లు కచేరీకి వెళ్లాయి. ఆ సంబంధం కుదిరింది. నా సంసారం బాగానే సాగింది.

చివరి రోజుల్లో అక్క మంచం పక్క గోడ మీద వేలితో ఏదో గీసేది. ఆరో వేలు గీసి ఆగినప్పుడు తెలిసింది, అది పాదమని. సున్నం వేసింది నేనేనని అప్పుడైనా అక్కకు చెప్పాల్సింది. దుప్పటి సర్ది బయటికి వచ్చాను.

ఆ రోజు సున్నం ఆరడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ పాదాలు కనబడుతూనే ఉన్నాయి. పచ్చి సున్నం తుడిచేయాలంటే పక్కనే నీళ్లబిందె, తడిగుడ్డ ఉన్నాయి. నేను కూర్చుని చూశాను.