పైకప్పును పలకరించే ఆదికేశవులు మామ

ఆదికేశవులు మామ ఎవరింట్లో అడుగుపెట్టినా మనుషుల్ని చూసే ముందు పైకప్పును చూసేవాడు. గడపలో నిలబడి, తల వెనక్కి వంచి, దూలాల మీదుగా చూపు నాలుగు మూలలకూ పోనిచ్చి, ఎక్కడా చెమ్మ మరక లేదని తేలాకే చూపు కిందికి దించి "బాగుండారా?" అని అడిగేవాడు. మరక కనబడితే ఆ ప్రశ్న కూడా ఉండేది కాదు. ఆ ఇంట్లోవాళ్ళు బాగాలేరని ఆయనకు తెలిసిపోయినట్టే.

వాషర్‌మెన్‌పేట్‌లో మాది గోడకు గోడ ఆనుకుని మిద్దెలున్న వీధి. మా ఎదురిల్లు ఆయనది. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో స్టోర్‌కీపరుగా పనిచేసేవాడు. నేను టెలిఫోన్స్ ఆఫీసులో చేరిన కొత్తల్లో, అంటే డెబ్భయ్యో దశకం మొదట్లో, ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. పైకి చూసి చూసి మెడ వెనకాల మూడు మడతలు పడ్డాయి. నా పేరు వరదలక్ష్మి. వీధంతా నన్ను వరదా అని పిలిస్తే ఆయన మాత్రం లక్ష్మీ అనేవాడు. వరద అనే మాట ఇంటిలోపల పలకడం మంచిది కాదని ఆయన నమ్మకం.

ఒకసారి మామ వాళ్ళక్క కొడుకు శ్రీనివాసకు పిల్లను చూడడానికి తిరువొత్తియూరు వెళ్ళారు. అందరూ పిల్లను చూస్తుంటే మామ దూలాలు చూస్తూ కూర్చున్నాడట. పిల్ల కాఫీ ఇస్తే కూడా తల దించకుండానే అందుకున్నాడట. తిరుగు రైల్లో వాళ్ళక్క పిల్ల ఎట్లా ఉందని అడిగితే, తడుముకోకుండా చెప్పాడు.

"సముద్రం పక్కన ఇల్లు. ఉప్పుగాలి. అయినా ఒక్క పెచ్చు ఊడలేదు. ఏటేటా మిద్దె ఎక్కి చూసుకునే మనుషులు వాళ్ళు. అట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్ల మన శ్రీనివాసను చూసుకోదా?"

సంబంధం ఖాయమైంది. పెళ్ళిలో మాత్రం ఆయన పెళ్ళికూతురికి పెట్టాల్సిన చీర తీసుకుపోయి ఆమె చెల్లెలి చేతుల్లో పెట్టి, నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి వచ్చాడు. ముఖం ఎప్పుడు చూశాడు గనుక గుర్తుపట్టడానికి?

మద్రాసులో అసలు వానలు తమిళుల ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో పడతాయి. దానికి ముందు నెల పురటాసిలో అందరూ తిరుపతి వెంకన్నకు ఒకపూట ఉంటే, మామ వెదురు నిచ్చెన భుజాన వేసుకుని వీధిలో మిద్దెలన్నీ ఎక్కేవాడు. ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. పిట్టగోడ పగుళ్ళలో మొలిచిన రావిమొక్కల్ని వేళ్ళతో సహా పీకేవాడు. నీళ్ళు పోయే తూముల్లో చెయ్యి పెట్టి అడ్డం తీసేవాడు. ఆ తూముల్లో ఆయనకు దొరకని వస్తువు లేదు. మూలింటి బాలసుందరానికి రెండేళ్ళ కింద కాకి ఎత్తుకుపోయిన కట్టుడు పళ్ళు అట్లాగే దొరికాయి. బాలసుందరం కడుక్కుని పెట్టుకున్నాడు. వాన రోజుల్లో ఆ పళ్ళు నీళ్ళ కబుర్లే చెబుతాయని వీధిలో అనుకునేవాళ్ళు.

మా ఇంట్లో పూజగది పైన మూడేళ్ళుగా కారుతూ ఉండేది. ముగ్గురు మేస్త్రీలు వచ్చి కారేచోటికి సరిగ్గా పైన పూత పూసిపోయారు. వాన రాగానే మళ్ళీ కారేది. మా నాన్న భాష్యం విసిగిపోయి, దేవుడికి గొడుగు పట్టాడు. అప్పుడు మామ మా ఇంట్లోకి వచ్చి, మామూలుగానే పైకి చూసి, నీళ్ళు కారేచోటు వేరు, దిగేచోటు వేరు అన్నాడు. నాకు ఆ మాట చాలా వింతగా తోచింది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆయన వెంట మిద్దె ఎక్కాను.

తూములు గుడ్డలతో బిగించాడు. బంకమట్టితో మిద్దెను మూడు మళ్ళుగా విడదీశాడు. ఒక మడిలో పసుపు కలిపిన నీళ్ళు, ఒకదాంట్లో కుంకుమ నీళ్ళు, వీధివైపు మడిలో నీలిమందు నీళ్ళు నింపాడు. ఆ తరవాత మేమిద్దరం కిందికి వచ్చి, పూజగది గుమ్మంలో తలలు పైకెత్తుకుని కూర్చున్నాం. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నాన్న స్నానం చేసి, నామం పెట్టుకుని, మమ్మల్ని దాటుకుని లోపలికి పోయి పూజకు కూర్చున్నాడు. నా మెడ పట్టేసింది. ఏ రంగు వస్తుందోనన్న ఆత్రం మాత్రం తగ్గలేదు. మేమనుకున్న మూల చూస్తుండగానే, సరిగ్గా నాన్న నామం మధ్య నీలం చుక్క పడింది.

మామ ముఖం వెలిగిపోయింది. నీళ్ళు వీధివైపు పిట్టగోడ మొదట్లో దిగి, దూలం పట్టుకుని పదిహేనడుగులు నడిచి పూజగదికి వస్తున్నాయని తేలింది. అక్కడ పగులు మూస్తే కారడం ఆగిపోయింది. నాన్న నుదుటి మీద నీలం మాత్రం నాలుగు రోజులు పోలేదు. ఆ రోజు నుంచి నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఆఫీసులో పైకి చూస్తూ నిలబడితే పక్క సీటు కుముదిని నేను మొక్కుకుంటున్నాననుకుని నాకోసం తనూ దండం పెట్టేది.

వీధిలో మామ ఎక్కని మిద్దె ఒకటే ఉండేది. అది ఆయన గోడ ఆనుకునే ఉన్న కన్యక టీచరమ్మది. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరైంది. నాకూ చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉండేది. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోదు. అమ్మ ఒక గిన్నెలో పులుసు పంపిస్తే సాయంత్రానికి ఆ గిన్నె ఏదో ఒకటి నింపుకుని తిరిగొచ్చేది. తూము శుభ్రం చేస్తానని మామ నిచ్చెనతో వస్తే, మా తూము సంగతి మేం చూసుకుంటామని తలుపు దగ్గరే మర్యాదగా పంపేసేది.

ఒక ఏడాది వానల్లో ఆవిడ కిటికీ పక్కనుంచి పోతుంటే లోపల గిన్నెల్లో చుక్కలు పడే చప్పుడు వినిపించింది. ఒక్కో గిన్నెది ఒక్కో స్వరం. అడిగితే అంట్లు తోముతున్నానంది. మరుసటి పురటాసిలో మామ ఇంట్లో పనికి వచ్చిన గోవిందన్ మేస్త్రి, పిట్టగోడ మీంచి ఆవిడ మిద్దె కుంగిన తీరు చూసి దిగులుపడ్డాడు. గోడలో దిగిన దూలాల కొసలు రెండు పుచ్చిపోయాయని, ఇంకొక్క ఐప్పసికి ఆ మిద్దె ఆగదని నాతో చెప్పాడు. నేను టీచరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మంచం అప్పటికే వంటింట్లోకి చేరింది. తిరుపతిలో చిన్నాన్న కొడుకు రమ్మంటున్నాడని, ఇల్లు నిలవకపోతే పోయి వాళ్ళ పంచన ఉండాలని, అది తలుచుకుంటేనే అన్నం సయించడం లేదని అంది. ఆవిడ అంతమాత్రం మనసు విప్పి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వచ్చే పెన్షన్‌తో మిద్దె మార్పించడం అయ్యే పని కాదు. సాయం మాటెత్తితే ఆవిడ ఆ గడప కూడా తొక్కనివ్వదు.

ఇదంతా మామకు చెప్పాను. ఆయన దూలాల వైపే చూస్తూ ఉన్నాడు. విన్నాడో లేదో కూడా తెలియలేదు.

రెండు రోజులు గడిచాక, ఆదివారం పొద్దున వీధిలో గొంతులు వినిపించి బయటికి వచ్చాను. టీచరమ్మ గుమ్మం ముందు మామ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ మిద్దె మీది నీళ్ళు మా గోడలోకి దిగతా ఉండాయి టీచరమ్మా. మా హాలంతా చెమ్మ. మీరు చేయించకపోతే నేనే చేయించుకుంటా. అడ్డమొస్తే కార్పొరేషన్‌కి పిటిషన్ పెడతా."

టీచరమ్మ ఆ చెమ్మ ఎక్కడుందో చూపించమంది. ఆవిడ వెనకే వీధంతా మామ హాల్లోకి వెళ్ళాం. నిజమే. టీచరమ్మ ఇంటివైపు గోడ మీద, కప్పుకు అడుగు కిందుగా, పళ్ళెమంత మరక. టీచరమ్మ ముక్కాలిపీట తెప్పించుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కి, మరకను వేలితో తాకి చూసి దిగింది.

"మా వల్ల మీకు నష్టం జరిగితే బాగుచేసుకునే హక్కు మీకుంది. చేసుకోండి" అని ఇంటికి వెళ్ళిపోయింది.

వీధి వీధంతా మామ మీద మండిపడింది. దిక్కులేని మనిషి మీద దౌర్జన్యమా అని నాన్న ఆయనతో మాటలు మానేశాడు. బాలసుందరం తనకు పళ్ళు వెతికిపెట్టిన సంగతి మరిచిపోయి ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. అందరికంటే నాకే ఎక్కువ కోపం. నేను నమ్మి చెబితే, పక్కింటి కష్టంలో తన గోడ మాత్రమే కనబడిందా ఆయనకు? మామ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. వర్క్‌షాపుకు సెలవు పెట్టి పనిలో దిగాడు.

గోవిందన్ పుచ్చిన దూలాలు దింపి టేకు దూలాలు ఎక్కించాడు. వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి పరిచారు. ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కదిమ్మెలతో రోజుల తరబడి కొట్టారు. మునియక్క అనే పెద్దావిడ మొదలుపెడితే మిగతావాళ్ళ చేతులు ఆ తాళానికే పడేవి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు మధ్యమధ్య చల్లేవాళ్ళు. ఆ వాసనకు వాషర్‌మెన్‌పేట్‌లో ఉన్న చీమలన్నీ ఆ మిద్దె ఎక్కాయి.

ఒకరోజు ఆయన్ని నాలుగు మాటలు అడిగేద్దామని నేనూ పైకెక్కాను. నోరు తెరిచేలోపే గోవిందన్, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ ట్యూబు కొస నా చేతిలో పెట్టి, మామ మిద్దె అంచున ఆనించి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. రెండో కొస టీచరమ్మ మిద్దె మీద పెట్టి, కర్రతో కొలిచి, కప్పు మందం తీసేసి, నాలుగడుగుల తేడా అన్నాడు. టీచరమ్మ మిద్దె మామ హాలు కప్పు కంటే నాలుగడుగులు కింద ఉంది. మామ హాల్లో మరక కప్పుకు ఒక్క అడుగు కింద ఉంది. అంటే ఆ నీళ్ళు కిందినుంచి మూడడుగులు పైకెక్కి మరక పెట్టాలి.

మామ పక్కనే ఉన్నాడు. నేను ట్యూబు కొస ఎత్తి చూపించాను.

"ఏం మామా, నీళ్ళు పైకెక్కుతాయా?"

"గోడల్లో ఎక్కుతాయమ్మా" అన్నాడు ఆయన తల దించుకుని. "కొంచెం."

నా చేతిలోంచి ట్యూబు కొస తీసుకుని, "టీచరమ్మకు చెప్పొద్దు లక్ష్మీ. వీధిలో ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

కిందికి దిగి ఆయన భార్య రాజలక్ష్మి అత్త దగ్గరికి పోయాను. ఆమె నవ్వాపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది. రెండు రోజులు తడిపిన గోనెసంచి పటం మేకుకు తగిలిస్తే వచ్చిందట ఆ మరక. మేకు అంత ఎత్తులో ఉంది కాబట్టి మరకా అంత ఎత్తున వచ్చింది.

"పెళ్ళయినకాడ్నించీ గోడ పక్కన చెంబుడు నీళ్ళు పెట్టనీలేదు నన్ను. ఆ మనిషి కూర్చోని సంచి తడుపుతా ఉంటే నాకు బుద్ధి చెడిందేమో అనుకుంటి" అంది. ఆ టేకు దూలాలు తమ మిద్దె మీద ఒక గది వేసుకోవాలని ఆరేళ్ళుగా దాచుకున్నవని కూడా ఆమే చెప్పింది. ఆ చెప్పడంలో ఎక్కడా బాధ లేదు. గది ఎప్పుడైనా వేసుకోవచ్చులే అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఇంత పైకప్పు పిచ్చి ఉన్న మనిషి నీళ్ళ గురించి అబద్ధమాడడానికి ఎంత కష్టపడి ఉంటాడా అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

ఐప్పసి వచ్చింది. మూడు రోజులు ఆగకుండా వాన. మూడో రోజు మధ్యాహ్నం గొడుగు వేసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. కిటికీ పక్కన ఏ స్వరమూ లేదు. మంచం ముందుగదిలోకి తిరిగొచ్చింది. ఆవిడ కాఫీ కలిపి తెచ్చి, గోడకు ఆనుకుని తీరిగ్గా కూర్చుంది. ఇద్దరం వాన చప్పుడు వింటూ ఉండగా, ఆవిడే ఎత్తుకుంది.

"ఏమే వరదా, ఎనిమిదో క్లాసులో నీళ్ళ గురించి ఏం చెప్పాను నీకు?"

"పల్లానికి పోతాయని, టీచర్" అన్నాను.

"సన్నటి సందుల్లో కాస్త ఎక్కుతాయి కూడా. మహా అయితే జానెడు. మూడడుగులు ఎక్కాలంటే మోటారు కావాలి." కాఫీ ఒక గుక్క తాగింది. "పీట ఎక్కి చూస్తే మరకకు గోనెపోగు అంటుకుని ఉంది."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు టీచర్?"

"ముప్పై ఏళ్ళలో అంత చేతకాని అబద్ధం ఏ పిల్లా నాకు చెప్పలేదు. వీధంతా తిట్టినా పడి, ఆయన దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. కాదని ఎట్లా అనేది? సాయం అని ఉంటే పొమ్మని ఉందును. పోట్లాటకు వచ్చాడు. పోట్లాటలో ఓడిపోవడం తప్పు కాదు కదా."

అప్పుడే గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. మామ. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నన్ను చూసి కాస్త తడబడి, గొంతు సవరించుకుని, వీలైనంత కటువుగా మాట్లాడాడు.

"మా హాల్లో చెమ్మ ఆరిపోయింది టీచరమ్మా. అది చెప్పి పోదామని వచ్చినా."

"సంతోషం ఆదికేశవులుగారూ" అంది టీచరమ్మ, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "ఇకమీద మా నీళ్ళు మీ గోడ ఎక్కకుండా నేను చూసుకుంటాను."

"ఆమా, చూసుకోండి" అన్నాడు మామ గంభీరంగా. తన మాట ఆవిడ నమ్మిందని ఎంతో నిశ్చింతగా కుర్చీలో కూర్చుని, ఆవిడ అందించిన కాఫీ తీసుకున్నాడు. నేను వాన చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగి, నా గ్లాసులో కాఫీని నవ్వుతో కలిపి మింగేశాను.