ఆడనెమలిని చూసే ప్రభ

నిన్న పొద్దున వంటింట్లో ఉండగా ప్రభ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మా అక్క లేదక్కా."

"ఎక్కడికి పోయిందిరా?" అన్నాను.

నిజంగానే అలా అడిగాను. వాడు ఏడ్చేదాకా నాకు అర్థం కాలేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ప్రభా నేనూ నాయుడుపేటలో ఒకే కాలేజీలో జువాలజీ లెక్చరర్లం. వానలు మొదలయ్యే రోజుల్లో ఆదివారం వస్తే చాలు, తెల్లవారేసరికి స్కూటీ మీద చిట్టమూరు వైపు వెళ్ళిపోయేవాళ్ళం. అక్కడ సరుగుడు తోపు పక్కన కొంత బీడు ఉంది. మగ నెమళ్ళు ఏటా అక్కడికే చేరతాయి. ఒక్కోటి తనకంటూ కాస్త చోటు పట్టుకుని పురి విప్పుతుంది. ఆడవి వచ్చి, అన్నింటినీ చూసుకుని, తమకు నచ్చినదాని దగ్గరికి వెళతాయి.

చాలా మగవాటికి సీజనంతా ఆడినా జత దొరకదు. ఏ ఒకటి రెండింటికో తప్ప.

ఏది గెలుస్తుందో ముందే చెప్పడం మా ఆట. ఓడినవాళ్ళు దోసెలు పెట్టించాలి.

ఎప్పుడూ నేనే పెట్టించేదాన్ని.

ఒకసారి అన్నింటికంటే పెద్ద పురి ఉన్నదాన్ని ఎంచుకున్నాను. అది ఈకలు గలగలలాడిస్తుంటే ఒక ఆడనెమలి దాని ముందే చాలాసేపు నిలబడింది. ఈసారి గెలిచానని ఎగరబోయాను. ప్రభ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగుమే. అది గింజలు ఏరుకుంటా ఉండాది. వాడి వంక చూడనే లేదు."

కాసేపటికి ఆ ఆడనెమలి నడుచుకుంటూ మూలనున్న చిన్న పురిదాని దగ్గరికి పోయి, దాని ముందు ఒదిగి కూర్చుంది. ప్రభ ముందే ఎంచుకున్నది దాన్నే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకెట్టా తెలస్తాదిమే?"

"నువ్వు మొగోళ్ళనే చూస్తావు. నేను ఆడదాన్ని చూస్తాను. అది ఎవరి ముందర తిండి మర్చిపోతాదో, వాడిదే."

ఆ రోజూ దోసెలు నేనే పెట్టించాను. తర్వాత నేనూ ఆడవాటినే చూశాను. అయినా ఓడిపోయాను. ప్రభకు కనబడేది నాకు కనబడదు, అంతే.

నిన్న వాకాడు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంటినిండా జనం. చేపలు తెచ్చిచ్చే ఆమె గుమ్మంలో కూలబడి, "నాకు బాగలేదని నేను చెప్పకముందే కనిపెట్టినాదమ్మా" అని ఏడుస్తోంది. ఎవరిని కదిపినా అదే మాట.

పాత స్టూడెంట్ ఒకమ్మాయి నన్ను వాటేసుకుంది. "మేడంకి నేనంటేనే ఎక్కువ ఇష్టం మేడం!"

ఓదార్చాలి కదా.

చేతులు రాలేదు. ఆ మాట ఇన్నేళ్ళూ నాదని అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. చావింట్లో నిలబడి ఆ పిల్లను చూసి కుళ్ళుకున్నాను.

ఇది రాస్తున్నప్పుడూ కుళ్ళే.

వెళ్ళిరా ప్రభా. నువ్వున్న చోట ప్రశాంతంగా ఉండాలి.

నేనొచ్చేదాకా పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోకు.