కార్బన్ బాబాయ్ చెవి

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కార్బన్ బాబాయ్ అనే పిలుస్తారు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో దుమ్ము పీల్చే పెద్ద వాక్యూమ్ మెషిన్లు మొరాయిస్తే ఆయన కొట్టుకే వస్తాయి. వాటి మోటారులో గిర్రున తిరిగే రాగి చక్రానికి అటొకటి ఇటొకటి ఆనుకుని రెండు నల్లటి కార్బన్ ముక్కలుంటాయి. వాటినే బ్రష్‌లంటారు. చక్రంలోకి కరెంటు వాటి గుండానే పోతుంది. రాగి అరగకుండా అవి అరుగుతాయి. పట్టించుకోకుండా వదిలేస్తే మోటారు కొంప మునుగుతుంది.

పాతవి తీసి కొత్తవి పెట్టడం ఎవరైనా చేస్తారు. బాబాయ్ పనితనమంతా ఆ తర్వాతే. కొత్త ముక్క మొహం చదునుగా ఉంటుంది, చక్రమేమో గుండ్రం. కరెంటు తగ్గించి, మోటారుని నెమ్మదిగా తిప్పుతూ, ముక్క ఆ వంపుకి తగ్గట్టు అరిగి కుదురుకునేదాకా ఓపిక పట్టాలి. కుదిరిందో లేదో ఆయనకి చెవే చెప్పేది. గరగరమనే మోత పలచబడి పలచబడి సన్నటి ఈలవుతుంది. అప్పుడు స్విచ్ కట్టేసేవాడు.

ఒకరోజు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళ మీద అజమాయిషీ చేసే ఆవిడ, ఆయన కొత్తగా బాగుచేసి ఇచ్చిన మెషిన్నే వెనక్కి తెచ్చింది.

"వార్డులో పెట్టగానే కీచుమంటోంది బాబాయ్. పాపం రోగులు ఉలిక్కిపడుతున్నారు."

విప్పి చూశాడు. ఒక బ్రష్ తన గూట్లో ఇరుక్కుపోయి రాగికి సరిగ్గా ఆనలేదు. నిప్పురవ్వలు రేగి చక్రం నల్లగా మాడిపోయింది.

"ఈసారి వచ్చిన సరుకు మంచిది కాదమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక, కొట్టు వెనకాల వంటింటి గుమ్మంలో కూర తరుగుతున్న భార్య తలెత్తకుండానే అంది. "మొన్న మీరు తిప్పినప్పుడే అది గరగరలాడుతోంది. అలాగే కట్టేశారు. తొందరపని కాబోలనుకున్నాను."

ఆయన కొన్నాళ్ళుగా అందరూ నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని విసుక్కుంటున్నాడు. ఫోను పాడైందని మార్చాడు. ఆ సంగతులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వరస కట్టాయి. మాడిన చక్రాన్ని బొటనవేలితో రుద్ది పక్కన పెట్టేశాడు. మర్నాడు కొట్టు తలుపు తీసి కూడా ఏ మెషిన్నీ ముట్టుకోలేదు.

భార్యే స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మోటారు తిప్పండి, నేను వింటాను."

"దీని సంగతి నీకేం తెలుసు?"

"తెలియకపోవడమేంటి? అది ఈల వేస్తేనేగా మీరు లేచేది. ఆ ఈల వినపడ్డాకే ఇన్నేళ్ళూ మీకు అన్నం వడ్డిస్తున్నాను. ముందు వడ్డిస్తే చల్లారిపోయేది."

ఆ మోత ఆవిడకి తలనొప్పని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. లేత్ పనివాడి దగ్గర చక్రం పైపొర చెక్కించి తెచ్చాడు. కొత్త జత బిగించి, గూట్లో అవి ఇరుక్కోకుండా జారుతున్నాయో లేదో వేలితో చూసి స్విచ్ వేశాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన మోటారు మీద అరచెయ్యి ఆనించి, ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"ఇంకా ఇసకలో నడుస్తున్నట్టే ఉంది," అంది. చాలాసేపటికి, "ఊఁ, ఇప్పుడు చాలు," అంది. సరిగ్గా ఆ క్షణానికి అరచేతికింద అదురు సన్నబడటం ఆయనకీ తెలిసింది.

మెషిన్ని ఆయనే ఆసుపత్రికి మోసుకెళ్ళి, అజమాయిషీ చేసే ఆవిడకి ఇచ్చాడు. "సరుకు మంచిదేనమ్మా, నాకే సరిగా వినపడలేదు," అన్నాడు. ఆవిడ నవ్వి, "పోనీలే బాబాయ్, చెవి డాక్టరు పై అంతస్తులోనే ఉన్నారు. చూపించుకుని వెళ్ళు," అంది.

చూపించుకున్నాడు. చెవికి మెషిన్ పెట్టారు గానీ, మోటారు తిరిగితే అందులో అన్ని మోతలూ ఒకటే అయిపోతున్నాయని తీసి పక్కన పెడతాడు. ఇప్పుడు భార్య తన చెల్లెలింటికి వెళ్ళిన రోజున ఎవరైనా తొందరపెడితే, "మా ఆవిడ రానివ్వండి, ఆవిడ వినాలి," అంటాడు. మొదట్లో ఆ మాట గొణిగేవాడు. ఇప్పుడు వీధి చివరిదాకా వినపడేలా చెబుతున్నాడు.