అమ్మ పోసిన బాత్‌రూం ముగ్గు

అవును, మా ఇంట్లో ముందు కట్టింది బాత్‌రూమే, వసారా కాదు. ఇప్పుడు ఎవరు ఇల్లు బాగు చేయించుకుంటున్నా నేను ఇదే వరుస చెబుతాను. ఈరోజు కళ్యాణదుర్గంలో ఎవరో పునాదికి ముగ్గు పోస్తుంటే, ఆ సున్నం వాసనకు అదంతా గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ స్నానం తడిక చాటున బండ మీదే. తడిక మీద పాత చీర, పక్కన నీళ్లు కాచే మసిబారిన అండా. పిల్లలం ఎప్పుడైనా పోసుకునేవాళ్లం. అమ్మ మాత్రం వీధి లేవకముందే పోసుకునేది.

ఆ ఏడు శనక్కాయలు అమ్మిన డబ్బుతో నాయన ఇంటి ముందర వసారాకు ముగ్గు పోశాడు. నాలుగు స్తంభాలు నిలబెట్టాలని ఆయన ఆశ. అమ్మ ముగ్గు డబ్బా తెచ్చి ఇంటి వెనక నాలుగు గీతలు తిన్నగా లాగింది.

“ఇదేందే?” అన్నాడు నాయన.

“బాత్‌రూం.”

“రెండింటికీ దుడ్లు యాడుండాయి?”

“ఒకదానికి ఉండాయి కదా.”

అవ్వ నవ్వింది. “నీ స్తంభాలు ఊరోళ్లు చూడల్ల, సరేప్పా. నీ పెండ్లాం నీళ్లు పోసుకునేది గూడా వాళ్లే చూడల్లనా?”

పోసిన ముగ్గు చెరపకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకే రెండూ అలాగే ఉన్నాయి. మరుసటి రోజు మేస్త్రీ వచ్చి, “యాడ తవ్వల్లన్నా?” అని అడిగాడు. నాయన గడ్డపార తీసుకుని వెనక్కి నడిచాడు. అమ్మ గీత మీద తొలి పోటు తానే వేశాడు.

మీ ఇంట్లో డబ్బు ఒక్క పనికే చాలినప్పుడు, ఏది ముందో ఎవరు తేల్చారు?